చిప్పును చల్లబరచు రాగి దిమ్మె

పాతకాలపు వాల్వు రేడియోల వెనుక చిల్లులు గల అట్ట యొకటి బిగించి యుండెడిది. ఆ చిల్లులు అలంకారమునకు కావు. లోపలి వాల్వులలో పుట్టిన వేడి గాలితో కలసి బయటికి పోవుటకు ఏర్పరచిన దారులవి. ఇంటిలోని రేడియోకు అంతమాత్రము చాలెడిది. కాని ఆ రేడియోకు కార్యక్రమములను పంపు ప్రసారకేంద్రములో సంగతి వేరు. అధికశక్తి గల ట్రాన్స్‌మిటరులోని పెద్ద వాల్వులు కిలోవాట్ల కొలది వేడిని పుట్టించును. ఆ వేడిని ఊరక వీచు గాలి మోయజాలదు. అందువలన అట్టి వాల్వులలో పెక్కింటికి రాగి ఆనోడు చుట్టును తొడుగు నమర్చి, దానిలో శుద్ధజలమును పారించెడివారు. ఆనోడుపై వేల వోల్టుల విద్యుత్తు నిలిచియుండును గనుక, విద్యుత్తును సులభముగా ప్రవహింపనీయని బట్టీపట్టిన నీరే వాడవలసి వచ్చెడిది.

ఆ నాటి ఇంజనీర్లు వాల్వునకు చేసిన ఉపచారమునే నేటి ఇంజనీర్లు కంప్యూటరు చిప్పునకు చేయుచున్నారు. చిప్పునకు అంటుకొని, తనలో నీటిని పారించుకొని, దాని వేడిని హరించు రాగి దిమ్మెను వారు వాటర్ బ్లాకు అందురు. చూచుటకు అరచేతిలో ఇముడు చిన్న వస్తువు. ఐనను దానిని ఒక్కొక్క చిప్పునకు తగినట్లు రూపొందించుట యెట్లు, అందులో పొరపాటు జరిగిన నష్టమేమి, అది మన ఊళ్ళ నీటికి ఎట్లు సంబంధించును అను విషయములు తెలిసికొనదగినవి.

ముందు వేడి యెంతయో చూతము. 2022లో ఎన్‌విడియా సంస్థ ప్రకటించిన హెచ్ 100 అను చిప్పు వైశాల్యము సుమారు 8 చదరపు సెంటీమీటర్లు. అనగా పెద్ద తపాలా బిళ్ళంత. దాని అధిక సామర్థ్యపు నమూనా, ప్రక్కనున్న మెమరీ చిప్పులతో కలిపి, 700 వాట్ల వరకు విద్యుచ్ఛక్తిని తీసికొనును. చిప్పు ఏ బరువును ఎత్తదు, ఏ చక్రమును త్రిప్పదు. కావున తీసికొనిన శక్తి యంతయు తుదకు వేడిగానే మారును. మన ఇంటిలోని ఇస్త్రీపెట్టె 1000 వాట్లు తీసికొన్నను, దాని అడుగు నూటయేబది చదరపు సెంటీమీటర్లకు పైగా పరచుకొని యుండును. అనగా ఒక చదరపు సెంటీమీటరునకు ఆరేడు వాట్లు. చిప్పునందో, అదే వైశాల్యమునకు ఎనుబది వాట్లకు మించుచున్నది. ఇస్త్రీపెట్టె వేడెక్కుటకే పుట్టినది. చిప్పు వేడెక్కిన చెడిపోవును. కష్టమంతయు ఇక్కడనే యున్నది.

ఈ వేడిని గాలితో తొలగింపరాదా? కొంతవరకు తొలగింపవచ్చును. కాని గాలి బలహీనమైన వాహకము. ఒక లీటరు గాలిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఒకటింబావు జౌళ్ళ కంటె తక్కువ శక్తి చాలును. ఒక లీటరు నీటికి సుమారు 4,200 జౌళ్ళు కావలెను. అనగా ఒక లీటరు నీరు మోయు వేడిని గాలితో మోయింపవలెనన్నచో సుమారు మూడున్నర వేల లీటర్ల గాలి కావలెను. కాగిన పాలగ్లాసును విసనకఱ్ఱతో విసరుట కంటె చల్లని నీళ్ళ పళ్ళెములో నుంచుట మేలని మన ఇండ్లలో అందరికిని తెలిసినదే గదా! అందలి శాస్త్రమే ఇందులోను కలదు.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. 1980లో ఐ.బి.యం. సంస్థ 3081 అను పెద్ద కంప్యూటరును ప్రకటించెను. దానిలో తొమ్మిది సెంటీమీటర్ల చదరపు పింగాణి పలకపై నూటికి పైగా చిప్పులను కూర్చి, ప్రతి చిప్పు వీపుపై స్ప్రింగుతో నొక్కబడు చిన్న లోహపు ముషలము నొకదానిని నిలిపిరి. ఆ ముషలములు చిప్పుల వేడిని గ్రహించి, పైనున్న నీటి పలకకు అందించెడివి. లోపలి సందులలో గాలికి బదులు, వేడిని మిక్కిలి బాగుగ మోయు హీలియము వాయువును నింపిరి. ఆ పలక యొక్కటి సుమారు 300 వాట్ల వేడిని విడిచెడిది. తరువాత 1990 దశకములో తక్కువ విద్యుత్తుతో పనిచేయు క్రొత్తరకపు ట్రాన్సిస్టర్ల నిర్మాణము వచ్చుటతో, పెద్ద కంప్యూటర్లు కొంతకాలము మరల గాలికే తిరిగినవి. కాని చిప్పులు తమ శక్తిని పెంచుకొనుచునే పోయినవి. నీటి అవసరము మరల వచ్చినది.

ఈ నడుమ 1981లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున టకర్మన్, పీస్ అను నిరువురు పరిశోధకులు ఒక ముఖ్యమైన ప్రయోగమును ప్రకటించిరి. వారు సిలికాను బిళ్ళ వీపుననే మిల్లీమీటరులో ఇరువదవ వంతు వెడల్పు గల సన్నని కాలువలను చెక్కి, వానిలో నీటిని పారించిరి. ఒక చదరపు సెంటీమీటరునకు 790 వాట్ల వేడిని ఆ కాలువలు తీసికొని పోగలిగినవి. అప్పుడు చిప్పు ఉష్ణోగ్రత, లోనికి వచ్చు నీటి కంటె 71 డిగ్రీలు మాత్రమే హెచ్చినది. నేటి వాటర్ బ్లాకులన్నియు ఈ ప్రయోగమునకు వారసులే. దాని సారమేమి? కాలువ సన్నమైన కొలదిని చల్లదనము హెచ్చును.

ఇది మొదట వింతగా తోచును. పెద్ద గొట్టములో ఎక్కువ నీరు పారినచో ఎక్కువ చల్లబరచవలదా? నిజమునకు, గోడకు అంటియున్న నీటి పొర మాత్రమే నేరుగా వేడిని గ్రహించును. ఆ వేడి లోపలి నీటికి చేరుటకు పొర వెంట పొరను దాటవలెను. నీరు వేడిని మోయుటలో గట్టిదే కాని, కదలక నిలిచియున్నప్పుడు తనలో నుండి వేడిని అవతలికి ప్రాకనిచ్చుటలో మందగమనము గలది. కాలువ వెడల్పుగా ఉన్నచో నడిమి నీరు గోడ సంగతి తెలియకయే బయటికి పోవును. కాలువ సన్ననైనచో నీరంతయు గోడకు సమీపముననే నడచును. అంతేకాక, ఒక పెద్ద కాలువకు బదులు నూరు చిన్న కాలువలు త్రవ్వినచో, నీటికి తగులు గోడల వైశాల్యమును ఎన్నో రెట్లు పెరుగును.

ఇక రూపకల్పనకు వత్తము. దీనిని ఇంటి జమాఖర్చులతో పోల్చినచో సులభముగా తెలియును. చిప్పు పైముఖము 85 డిగ్రీలు దాటరాదనుకొందము. దిమ్మెలోనికి వచ్చు నీరు 45 డిగ్రీలనుకొందము. అప్పుడు మన చేతిలోనున్న మూలధనము 40 డిగ్రీలు. చిప్పు నుండి నీటి వరకు వేడి చేయు ప్రయాణములో ప్రతి మజిలీయందును కొన్ని డిగ్రీలు ఖర్చగును. మొత్తము ఖర్చు 40కి లోబడి యుండవలెను. రూపకర్త పని ఈ పద్దును సరిదిద్దుటయే.

మొదటి ఖర్చు నీరు వేడెక్కుట. నిమిషమునకు ఒక లీటరు చొప్పున నీటిని పంపినచో, 700 వాట్ల వేడికి ఆ నీరు సరిగా 10 డిగ్రీలు వేడెక్కి బయటికి వచ్చును. రెండవ ఖర్చు చిప్పునకును రాగికిని నడుమ పూయు పేస్టు. మూడవది రాగి దిమ్మె అడుగు మందము. నాలుగవది రాగి గోడ నుండి నీటికి వేడి దాటుట. ఈ చివరి మూడింటిని తగ్గించుటయందే నేర్పంతయు కలదు.

పేస్టు సంగతి వినుటకు చిన్నదిగా తోచును గాని, అదియే పెద్ద దొంగ. ఎంత నునుపుగా సానపట్టిన రాగియైనను, ఎంత నిగనిగలాడు చిప్పైనను, సూక్ష్మదర్శినిలో చూచినచో గుట్టలు, గుంటలు కలవి. రెండింటిని ఒకదానిపై నొకటి పెట్టినచో గుట్టలు మాత్రమే తగులుకొనును. గుంటలలో గాలి నిలుచును. అడుగు వంకరపోయిన పెనముపై అట్టు ఒకచోట మాడి, ఒకచోట పచ్చిగా ఉండుట ఇట్టిదే. ఆ గాలిని తరిమి దాని స్థానమును ఆక్రమించుటకే పేస్టు. కాని పేస్టు రాగి వంటిది కాదు. మంచి పేస్టు కూడ రాగిలో ఎనుబదవ వంతు మాత్రమే వేడిని వహించునని పెట్టుకొన్నచో, వెండ్రుక కంటె పలుచనైన, అనగా మిల్లీమీటరులో ఇరువదవ వంతు మందము గల పేస్టు పొర, 4 మిల్లీమీటర్ల రాగితో సమానమైన అడ్డంకి యగును. మన లెక్కలో ఈ పొర యొక్కటియే సుమారు 9 డిగ్రీలను తినివేయును. పొర రెట్టింపు మందమైనచో ఖర్చును రెట్టింపగును. కావుననే దిమ్మెను చిప్పుపై సమానముగా నొక్కు మరలు, స్ప్రింగులు కాలువలంత ముఖ్యమైనవి. నాలుగు మరలను ఒకదాని తరువాత నొకటి వరుసగా గట్టిగ బిగింపక, ఎదురెదురు మూలలను కొద్దికొద్దిగా బిగించుకొనుచు పోవలెను. లేనిచో ఒకవైపు పేస్టు పలుచనై, వేరొకవైపు మందముగా మిగులును. మితిమీరి నొక్కినచో చిప్పు పగులును.

రాగి అడుగు సంగతి. రాగి మంచి ఉష్ణవాహకము. అల్యూమినియము దానిలో ఇంచుమించు అరవై పాళ్ళు మాత్రమే వహించును. వెండి రాగి కంటె కొంచెము మేలైనను వెల ఎక్కువ. కావున రాగియే సాధారణముగ ఎన్నుకొందురు. అడుగు 1.5 మిల్లీమీటర్ల మందముగా ఉన్నచో మన లెక్కలో సుమారు 3 డిగ్రీల ఖర్చు. మరింత పలుచన చేయరాదా? చేసినచో మరల ఒత్తిడికి అడుగు వంగును. పైగా చిప్పు అంతటను ఒకే విధముగా వేడెక్కదు. లెక్కలు చేయు భాగములు మండుచుండగా, అంచులు గోరువెచ్చగా ఉండవచ్చును. వేడి ఒక చోటనే పైకి పోక, ప్రక్కలకును కొంత వ్యాపించుటకు తగినంత మందము ఉండవలెను. మిక్కిలి మందమైన అడ్డంకి, మిక్కిలి పలుచనైన వంపు: ఈ రెండింటి నడుమ త్రోవ వెదకుటయే రూపకల్పన.

ఇంతవరకు నీటికి 10, పేస్టునకు 9, రాగికి 3 పోగా, 40లో మిగిలినవి 18. ఇవియే కాలువల కొరకు మనము కర్చు పెట్టదగిన డిగ్రీలు. దిమ్మె లోపల 0.2 మిల్లీమీటర్ల మందము గల రాగి రెక్కలను, వాని నడుమ అంతే వెడల్పు గల కాలువలను నిలిపితిమనుకొందము. 3 సెంటీమీటర్ల వెడల్పులో 75 కాలువలు పట్టును. రెక్కల ఎత్తు 2 మిల్లీమీటర్లైనచో, 8 చదరపు సెంటీమీటర్ల అడుగుపై 80 చదరపు సెంటీమీటర్ల గోడ లభించును. ఎత్తును 3 మిల్లీమీటర్లకు పెంచినచో గోడ 120 చదరపు సెంటీమీటర్లగును. వైశాల్యము సగము పెరిగినది గదా, లాభమును సగము పెరుగునా? పెరుగదు. రెక్క అడుగున ఉన్నంత వేడి కొనకు చేరదు. కొన చల్లగా ఉండి పని తక్కువ చేయును. ఆ సన్నని రెక్కకు లెక్క వేసి చూచినచో లాభము ఇంచుమించు ఐదవవంతు మాత్రమే. 5 మిల్లీమీటర్లకు పెంచినచో ఆ మిగులు రాగి చాలవరకు వ్యర్థము. 3 మిల్లీమీటర్ల రెక్కలతో మనకు కాలువల ఖర్చు సుమారు 10 డిగ్రీలకు దిగును. 8 డిగ్రీలు మిగులుబడి. ఆ మిగులును ఊరక దాచుకొనరాదు. చిప్పులోని మండుచోట్ల కొరకు అది అవసరమగును.

ఇక్కడ మరియొక సందేహము కలుగును. కాలువలు సన్నమైన కొలదిని మేలని చెప్పితిమి గదా, 0.05 మిల్లీమీటర్లకు దించినచో? దింపవచ్చును, కాని నీటిని త్రోయు పంపు ఊరకుండదు. ఇట్టి సన్నని కాలువలలో నీరు సుడులు తిరుగక పొరలు పొరలుగా సాగును. అట్టి ప్రవాహమున, నీటి వేగము మారకున్నను, కాలువ వెడల్పు సగమైనచో త్రోయవలసిన పీడనము నాలుగింతలగును. స్టాన్‌ఫర్డు ప్రయోగములో సెంటీమీటరు పొడవు గల కాలువలకే సుమారు రెండు వాతావరణముల పీడనము కావలసి వచ్చినది. పీడనము హెచ్చినచో పంపు విద్యుత్తు హెచ్చును, కీళ్ళవద్ద కారుట హెచ్చును, చిన్న మలినము కూడ కాలువను మూసివేయును. 0.2 మిల్లీమీటర్లనగా రెండు కాగితముల మందము. అంతకంటె పెద్ద రేణువు ఏదియు నీటిలో రాకుండ వడపోత ముందే ఉండవలెను.

పీడనమును తగ్గించు ఉపాయము ఒకటి కలదు. నీటిని ఒక కొన నుండి మరియొక కొనకు నడపక, దిమ్మె నడిబొడ్డున సన్నని చీలిక గుండ క్రిందికి దింపి, రెండు వైపులకు పంచుదురు. అప్పుడు ప్రతి బొట్టు నడచు దూరము సగము. ప్రతి వైపు పారు నీరు సగము గనుక వేగమును సగము. రెండు సగములు కలసి పీడనమును నాలుగవ వంతునకు దించును. పైగా చల్లని నీరు మొదట చిప్పు నడుమనే, అనగా తరచుగా మండు చోటనే, వచ్చి పడును. ఇంటిలో కంప్యూటర్లను కట్టుకొను ఔత్సాహికుల దిమ్మెలలోను, పెద్ద కేంద్రముల దిమ్మెలలోను ఈ ఏర్పాటు విరివిగా కనిపించును.

కృష్ణా, గోదావరి కాలువల క్రింద సేద్యము చేయువారికి మరియొక సమస్య చెప్పకయే తెలియును. కాలువ తల వద్ద నీరు పుష్కలముగా ఉండును. చివరి భూములకు చేరునప్పటికి తగ్గును. దిమ్మెలోని 75 పిల్లకాలువలకును ఇదియే గతి. నీరు వచ్చు గొట్టమునకు ఎదురుగా ఉన్నవి నిండుగా పారును, దూరపువి ఎండును. ఎండిన కాలువ క్రింద చిప్పులో మండుచోటు ఉన్నచో, మొత్తము లెక్క సరిగా ఉన్నను ఆ చోటు కాలిపోవును. సేద్యపు ఇంజనీరు తూములతో పంపకమును సరిచేయునట్లు, దిమ్మె రూపకర్త కాలువల ముందు కొంత విశాలమైన నీటి తొట్టిని వదలియు, చీలిక వెడల్పును మార్చియు పంపకమును సరిచేయును. నేడు ఈ ప్రవాహమును లోహము ముట్టకముందే కంప్యూటరులోనే లెక్కగట్టి చూచుచున్నారు. చిప్పును కాపాడు దిమ్మెను చిప్పే లెక్కగట్టి ఇచ్చుచున్నదన్నమాట!

ప్రతి చిప్పునకు వేరువేరు దిమ్మె ఎందుకు అని అడుగవచ్చును. చిప్పుల కొలతలు వేరు, మండుచోట్లు వేరు, మరల రంధ్రములు వేరు. చుట్టునున్న మెమరీ చిప్పులు కొన్నిట ఒకే ఎత్తున ఉండవు. ఎత్తు తక్కువగా ఉన్నదానిపై దిమ్మె ఆననిచో అది వేడెక్కును. ఎక్కువగా ఉన్నదానిపై దిమ్మె మోపినచో నడిమి చిప్పునకు పేస్టు మందమగును. కావున దిమ్మె అడుగును మెట్లు మెట్లుగా చెక్కవలెను. పైని చిప్పు కూడ సమతలము కాదు. వేడెక్కినప్పుడు కొలది వంపు తిరుగును. ఆ వంపునకు తగినట్లు దిమ్మె అడుగును కంటికి కనబడనంత ఉబ్బుగా చేయువారును కలరు.

తయారీ పద్ధతులు రెండు ముఖ్యమైనవి. ఒకటి, సన్నని రంపపు చక్రములతో రాగిలో కాలువలను కోయుట. రెండవది, పదునైన కత్తితో రాగి పైపొరను పలుచగా లేపి, దానిని తెంపక నిట్టనిలువుగా నిలబెట్టుట. నాగలి కఱ్ఱు మట్టిని లేపినట్లు ఒక్కొక్క పోటునకు ఒక్కొక్క రెక్క లేచును. రెక్క అడుగులో భాగమే గనుక, అతుకు లేదు. అతుకు లేనిచోట వేడికి అడ్డంకియు లేదు. పైన మూతను అతికింతురు, లేదా రబ్బరు వలయము నుంచి మరలతో బిగింతురు. నీరు నింపుటకు ముందు గాలిని పీడనముతో నింపి, పీడనము దిగుచున్నదేమో చూతురు. గాలి కారినచో నష్టము లేదు. నీరు కారినచో, దిమ్మె క్రిందనున్న లక్షల రూపాయల పరికరము చెడును.

నీటిని గూర్చియు జాగ్రత్త వలెను. దిమ్మె రాగిదై, అదే నీరు పారు వేరొక భాగము అల్యూమినియముదైనచో, ఆ రెండు లోహములును నీటిని నడుమనుంచుకొని చిన్న బ్యాటరీ వలె పనిచేయును. అల్యూమినియము క్రమముగా కరగిపోవును. కరగిన మలినము సన్నని కాలువలను పూడ్చును. కావున ఒక వలయములో ఒకే జాతి లోహములుండవలెను. నీటిలో తుప్పును నిరోధించు ద్రవ్యములను, నాచు పెరుగకుండ చేయు ద్రవ్యములను కలుపుదురు. పెద్ద కేంద్రములలో నూటికి ఇరువదియైదు పాళ్ళు ప్రొపిలీన్ గ్లైకాల్ కలిపిన నీరు విరివిగా వాడుకలో ఉన్నది.

ఇంత శ్రమ పడుట కంటె, నీటినే మంచువలె చల్లగా పంపినచో సరిపోదా? పోదు. సముద్రతీరమున 30 డిగ్రీల వేడి, నూటికి ఎనుబది పాళ్ళ తేమ గల దినమున, 26 డిగ్రీల కంటె చల్లని వస్తువు దేనిపైనైనను గాలిలోని తేమ నీరై పట్టును. చల్లని నీళ్ళ చెంబు చెమర్చుట మనము నిత్యము చూచునదే. చెంబు చెమర్చిన తుడిచికొందుము. విద్యుత్పరికరముపై గొట్టము చెమర్చిన ప్రమాదము. అంతకంటె పెద్ద కారణము మరియొకటి కలదు. నీటిని చల్లబరచుటకు శీతలయంత్రము కావలెను. దానికి విద్యుత్తు కావలెను. ఇక్కడనే ఈ చిన్న దిమ్మె, ఊరి నీటితో సంబంధము కలుపుకొనుచున్నది.

దిమ్మెలో పారు నీరు ఖర్చు కాదు. అది మూసిన వలయములో తిరిగితిరిగి వచ్చునదే. కాని అది మోసికొని వచ్చిన వేడిని ఎక్కడనో వదలిపెట్టవలెను గదా! వదలుటకు మార్గములు రెండు. ఒకటి, బయటి గాలితో పొడిగా చల్లబరచుట. ఇందులో నీరు తరుగదు. రెండవది, మరియొక నీటిని గోపురములలో జల్లి, ఆవిరిగా పోనిచ్చుట. ఆవిరి తనతో చాల వేడిని తీసికొనిపోవును గనుక ఇది సులభమైన మార్గమే. కాని పోయిన ఆవిరి తిరిగి రాదు. లెక్క చూడుడు. ఒక మెగావాటు వేడిని ఆవిరి చేతనే తొలగింపవలెనన్నచో, దినమునకు సుమారు 35,000 లీటర్ల నీరు ఆవిరియగును. పట్టణవాసికి దినమునకు 135 లీటర్ల నీరు ఉండవలెనని మన దేశమున ఒక ప్రమాణము కలదు. దాని ప్రకారము అది సుమారు 260 మంది నీరు. 2024లో ఎన్‌విడియా ప్రకటించిన 72 చిప్పుల బీరువా యొక్కటి ఇంచుమించు 120 కిలోవాట్లు తీసికొనును. అట్టి బీరువాలు ఎనిమిది చేరినచో మెగావాటు దరికి వచ్చును.

పొడిగా చల్లబరచుటకు బయటి గాలి నీటి కంటె చల్లగా ఉండవలెను. దిమ్మె నాసిరకముదై, కాలువల వద్దనే 40 డిగ్రీలు ఖర్చు చేసినచో, మన పద్దులో నీరు 23 డిగ్రీల కంటె చల్లగా రావలెను. మన ప్రాంతపు వేసవిలో 23 డిగ్రీల గాలి ఎక్కడ దొరకును? అప్పుడు శీతలయంత్రము గాని, ఆవిరి గోపురము గాని, రెండును గాని తప్పవు. దిమ్మె మంచిదైనచో నీరు 45 డిగ్రీలకు వచ్చినను చిప్పు సుఖముగా ఉండును. విశాఖపట్టణమువంటి తీరనగరములో ఏడాదిలో అత్యధిక దినములు గాలి అంతకంటె చాల చల్లగనే ఉండును. రెంటచింతలవంటి చోట మండువేసవిలో కొన్ని దినములు మాత్రము ఇబ్బంది కలుగును. పొడి పద్ధతికి పెద్ద రేడియేటర్లు, పెద్ద విసనలు, ఎక్కువ స్థలము కావలెననుట నిజమే; కాని నీరు మిగులును.

ఇది ఊహ కాదు. 2010లో ఐ.బి.యం. సంస్థ స్విట్జర్లాండులోని జూరిచ్ సాంకేతిక విశ్వవిద్యాలయమున ఆక్వాసార్ అను కంప్యూటరును నెలకొల్పినది. దాని చిప్పులను 60 డిగ్రీల వేడినీటితో చల్లబరచి, బయటికి వచ్చిన ఇంకను వేడియైన నీటిని భవనములను వెచ్చబరచుటకు వాడిరి. వేడినీటితో చల్లబరచుట యనగా నవ్వు రావచ్చును. కాని 80 డిగ్రీల చిప్పునకు 60 డిగ్రీల నీరు చల్లనిదే. 2012లో జర్మనీలో మ్యూనిచ్ సమీపమున నెలకొల్పిన సూపర్‌మ్యూక్ అను మహాకంప్యూటరును వెచ్చని నీటినే ఆధారముగా చేసికొనినది. మన దేశమున పూనాలోని శాస్త్రవిద్యా పరిశోధన సంస్థలో 2019లో ప్రారంభమైన పరమ్ బ్రహ్మ అను కంప్యూటరునందు కూడ ద్రవముతో నేరుగా చల్లబరచు పద్ధతినే అనుసరించిరి.

2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్టణమున గిగావాటు స్థాయి గల కంప్యూటరు కేంద్రమును నెలకొల్పనున్నట్లు ప్రకటించినది. గిగావాటనగా వేయి మెగావాట్లు. పైన చెప్పిన లెక్కను వేయితో గుణించినచో, వేడినంతటిని ఆవిరి చేతనే తొలగించినయెడల దినమునకు మూడున్నర కోట్ల లీటర్లగును. ఏ కేంద్రమైనను వేడినంతటిని ఆవిరి చేతనే తొలగించునని దీని అర్థము కాదు. తొలగింపనక్కరలేదనుటకే ఈ లెక్క. ఇట్టి కేంద్రములు మన ప్రాంతములకు వచ్చునప్పుడు చదువుకొన్న గృహస్థులు అడుగదగిన ప్రశ్నలు మూడు కలవు. చిప్పులకు పంపు నీటి ఉష్ణోగ్రత యెంత? వేడిని తుదకు పొడిగా వదలుదురా, ఆవిరిగా వదలుదురా? ఆవిరిగానైనచో ఆ నీరు త్రాగునీరా, శుద్ధిచేసిన మురుగునీరా, సముద్రపు నీరా? మొదటి ప్రశ్నకు వచ్చు సమాధానమును బట్టియే తక్కిన రెండును చాలవరకు తేలును. ఆ మొదటి సమాధానమును నిర్ణయించునవి, అరచేతిలో ఇముడు ఆ రాగి దిమ్మెలోని రెండు కాగితముల వెడల్పు గల కాలువలే.